ఇష్టపడి పెట్టిన దుకాణం, కలవని లెక్క

నల్లగొండ, మహబూబ్‌నగర్, వనపర్తి లాంటి పట్నాల్లో ఈ మధ్య కాలంలో కొత్త తరహా దుకాణాలు వెలిశాయి. చేనేత చీరల బుటిక్, గానుగ నూనెల షాపు, చిరుధాన్యాల హోటల్, మంచి కాఫీ పోసే చిన్న కేఫ్. వీటిని పెట్టేది ఎక్కువగా తరాల నుంచి దందా చేస్తున్న ఇళ్లవాళ్లు కారు. చదువుకుని, హైదరాబాద్‌లో నాలుగేళ్లు ఉద్యోగం చేసి, నచ్చిన పని సొంతూళ్లోనే చేసుకుందామని తిరిగొచ్చినవాళ్లు. ప్రారంభోత్సవం రోజు చుట్టాలు, స్నేహితులతో షాపు కిటకిటలాడుతుంది. రెండు మూడేళ్లు తిరిగేసరికి వాటిలో చాలా మడిగెలకు బోర్డు మారిపోతుంది. “పాపం, నడవలేదు” అని ఊరు ఒక్క ముక్కలో తేల్చేస్తుంది.

నడవకపోవడంలో వింతేమీ లేదు. ఏ వ్యాపారమైనా నడవకపోవచ్చు. అసలు దెబ్బ పడేది, నడవడం లేదన్న సంగతి యజమాని ఒప్పుకునే లోపు గడిచే కాలంలో. ఇష్టం లేని దందా మునుగుతుంటే ఆర్నెల్లలో తెలిసిపోతుంది. ఇష్టపడి పెట్టింది మునుగుతుంటే మూడేళ్లయినా తెలియదు. దీనికి మనసును ఎంత తప్పు పట్టినా, సగం తప్పు లెక్క రాసే పద్ధతిలో ఉంది.

ఉదాహరణకు నల్లగొండలో గడియారం సెంటర్‌కు దగ్గర్లో ఒక చేనేత చీరల షాపు ఉందనుకుందాం. సరుకు మీద పెట్టుబడి ఆరు లక్షలు. అందులో మూడు లక్షలు సొంతం, మూడు లక్షలు నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చినవి. నెలకు 90 వేల అమ్మకం. అమ్మిన ధరలో 30 శాతం మిగిలితే 27 వేలు. మడిగె కిరాయి 9 వేలు, పని చేసే అమ్మాయికి 7 వేలు, కరెంటు, ఫోను, సంచులు, సరుకు తేవడానికి బండి చార్జీలు కలిపి మరో 4 వేలు. మొత్తం 20 వేలు పోగా 7 వేలు మిగిలాయి. “పెద్దగా రావట్లేదు కానీ నష్టమైతే లేదు” అని యజమాని నమ్మకంగా చెప్పేది ఈ 7 వేలను చూసుకునే.

కానీ ఆ మూడు లక్షల అప్పుకు నెలకు 6 వేలు మిత్తి పోతుంది. మిగిలింది వెయ్యి. ఇక పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా షాపులో కూర్చున్న మనిషి సంగతి. అదే మనిషి వేరే చోట పని చేస్తే తక్కువలో తక్కువ 15 వేలు వస్తాయనుకుంటే, ఈ షాపు ప్రతి నెలా 14 వేలు తింటోంది. ఏడాదికి 1,68,000. సొంత మూడు లక్షలు బ్యాంకులో వేసుకుంటే వచ్చే వడ్డీని ఇందులో కలపనే లేదు. మూడేళ్లకు లెక్కేస్తే ఐదు లక్షలు దాటుతుంది. నష్టం లేదనుకున్న షాపు చేసిన పని ఇది.

పాత బజారులో కిరాణా నడిపే సేటు ఈ పొరపాటు చేయడు. తన కొడుకు గల్లా మీద కూర్చుంటే ఆ కూలి కూడా మనసులో లెక్క కట్టుకుంటాడు. సొంత మడిగె అయినా, కిరాయికి ఇస్తే ఎంతొచ్చేదో తెలిసే ఉంటాడు. ఇష్టంతో షాపు పెట్టినవాళ్లు మాత్రం తమ పనికి కూలి వేసుకోవడం అవమానంగా భావిస్తారు. “నేను పైసల కోసం పెట్టలేదు” అనేది వినడానికి బాగుంటుంది. అలా అన్న మనిషి ఇంట్లో పిల్లల ఫీజు ఎక్కడి నుంచి కడుతున్నారో ఒకసారి చూస్తే అసలు పెట్టుబడిదారు ఎవరో బయటపడుతుంది. తరచుగా అది భార్య జీతం, లేదా బ్యాంకులో కుదువ పెట్టిన ఆమె బంగారం.

రెండో మోసం సరుకులో ఉంటుంది. చీరల షాపులో బీరువా నిండుగా ఉంటే ఆస్తి ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ పట్టు చీర మడతల దగ్గర చిట్లుతుంది, జరీ నల్లబడుతుంది, డిజైన్ పాతదవుతుంది. చేనేతలో ఇంకో చిక్కు ఉంది. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఈ రెండింటినీ మగ్గం మీదే కుప్పడం పద్ధతిలో కలుపుతారు. పుట్టపాకలో నేసే తేలియా రుమాలు రకం చీరకు దారాన్ని నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టాలి. నేసే ముందే పడుగుకూ పేకకూ, అంటే నిలువు, అడ్డ దారాలకు, లెక్క ప్రకారం చిటికి కట్టి (రంగు అంటకూడని చోట ముడులు వేసి) రంగులద్దాలి. ఇదంతా తెలిసిన యజమానికి ఆ చీర ధర న్యాయంగానే కనిపిస్తుంది. దుకాణానికొచ్చిన మనిషికి మాత్రం పక్క షాపులో అదే పోచంపల్లి డిజైన్ మిల్లు గుడ్డ మీద అచ్చేసి, పదో వంతు ధరకు వేలాడుతూ కనిపిస్తుంది. కొన్ని రకాల బట్టల్ని చేమగ్గాలకే కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చింది. పోచంపల్లి ఇకత్‌కు (చిటికి కట్టి నేసే బట్టకు), గద్వాల చీరకు, తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇవన్నీ ఉన్నా కౌంటర్ దగ్గర జరిగే బేరంలో గెలిచేది అచ్చు గుడ్డే. తేడా తెలిసి కొనేవాళ్లు ఉన్నారు, కానీ వాళ్లు నల్లగొండలో చీర కొనరు. కారెక్కి గంటన్నరలో పోచంపల్లికో పుట్టపాకకో వెళ్లి నేసినవాళ్ల ఇంట్లోనే కొంటారు. మధ్యలో ఉన్న షాపుకు మిగిలేది, బాగుందని మెచ్చుకుని వెళ్లిపోయే గిరాకీ.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. మగ్గం దిగిపోయే నేతకారుడి కథ, బుటిక్ మూసే యజమాని కథ ఒకటి కావు. నేతకారుడికి అది ఎంచుకున్న పని కాదు, పుట్టుకతో వచ్చింది. షావుకారు దగ్గర కూలికి నేస్తూ, ఇంటిల్లిపాదీ ఆసు పోసి (దారాన్ని మేకుల మీదుగా తిప్పి), కండెలు చుట్టి, రంగులద్దితే వచ్చేది అందరికీ కలిపి ఒక్క కూలి. అలాంటి ఇంటి కుర్రాడు చౌటుప్పల్ వైపు ఫార్మా కంపెనీలో షిఫ్టు డ్యూటీకి వెళ్తే, అతను ఇష్టాన్ని వదులుకున్నాడని బాధపడటం బయటివాళ్లకు తేలికే. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌కు (ప్రత్యేక ఆర్థిక మండలికి) వెళ్లే కంపెనీ బస్సుల్లోనూ ఇలాంటి ఇళ్ల పిల్లలు ఉంటారు. నెలనెలా జీతం, పీఎఫ్ వచ్చే పనిని వాళ్లు ఎంచుకున్నారు. దాన్ని సంస్కృతికి ద్రోహంగా చూడటం అన్యాయం. చేనేత నిలవాలంటే వాళ్ల కూలి పెరగాలి, వాళ్ల త్యాగం పెరగకూడదు.

ఇష్టానికీ బతుకుతెరువుకూ ఉన్న లంకె గురించి ఈ ప్రాంతంలో వెతికితే ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం కంటే మంచి ఉదాహరణ దొరకదు. తల్లి ఆసు పోస్తూ భుజం నొప్పితో బాధపడటం చూసి, ఆ పనికి యంత్రం చేయాలనుకున్నాడు. ఒక చీరకు దారాన్ని కొయ్య మేకుల మీదుగా దాదాపు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. ఒక్కో చీరకు నాలుగైదు గంటలు పట్టే పని. 1992లో మొదలైన ప్రయత్నం 1999లో పూర్తయింది. ఆ యంత్రంతో అదే పని గంటన్నరకు తగ్గింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ కథను పట్టుదలకు ఉదాహరణగా చెప్పడం మామూలే. దందా చేసేవాళ్లు ఇందులో చూడాల్సింది మరొకటి ఉంది. ఆ ఏళ్లలో ఆయన హైదరాబాద్ వెళ్లి కరెంటు పనులు చేసి సంపాదించాడు, ఆ సంపాదనను యంత్రం మీద పెట్టాడు. పూర్తికాని యంత్రం ఇల్లు నడపాలని ఆశించలేదు. ఇష్టమైన పనికి ఏడేళ్ల టైమ్ దొరికిందంటే, ఆ ఏడేళ్లూ ఇంటి ఖర్చు మోసింది వేరే పని కాబట్టే. బుటిక్ పెట్టినవాళ్లు చేసేది సరిగ్గా దీనికి తిరగేసిన పని. మొదటి నెల నుంచే ఆ ఇష్టం కిరాయి కట్టాలి, మిత్తి కట్టాలి, ఇల్లు నడపాలి. ఇన్ని మోయలేక అది ఒక చోట కూలబడుతుంది.

ఇష్టం పక్కన పెట్టి ప్రాక్టికల్‌గా నడిచే దందా చూసుకోమంటారు. మరి ఆ “ప్రాక్టికల్” దందా అంటే ఏది? దక్షిణ తెలంగాణలో దీనికి జవాబు నీళ్లను బట్టి, ఆఫీసులను బట్టి మారుతూ వచ్చింది. ఒకప్పుడు పాలమూరు పేరు చెబితే వలస కూలీలే గుర్తొచ్చేవారు. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతల నీళ్లు వచ్చాక వరి పెరిగింది. వరితో పాటు ట్రాక్టర్ మెకానిక్, కోత మిషన్, మోటార్ వైండింగ్, ఎరువుల షాపు, సిమెంటు, ఐరన్ దుకాణాలు పెరిగాయి. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ ఎప్పుడో బియ్యం మిల్లుల పట్నమైంది. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు సూర్యాపేట, భువనగిరి, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాలకు కలెక్టరేట్లు వచ్చాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేటకూ వచ్చింది. ఆ వెంటనే జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్, టిఫిన్, మెస్, లేడీస్ హాస్టల్ వచ్చాయి. మెడికల్ కాలేజీలు పడ్డ చోట ఇవి ఇంకా పెరిగాయి. వీటిలో ఏ ఒక్కటీ కలలు కని పెట్టింది కాదు. ఎవరో వచ్చి అడిగారు, ఎవరో పెట్టారు.

పైసలు ఎప్పుడొస్తాయన్నది కూడా ఇక్కడ పొలమే చెబుతుంది. వానాకాలం ధాన్యం కొనుగోళ్ల డబ్బులు, పత్తి పైసలు చలికాలంలో చేతికొస్తాయి. యాసంగి డబ్బులు ఎండాకాలంలో. ఆ నెలల్లో బంగారం షాపు నుంచి చెప్పుల షాపు దాకా కళకళలాడతాయి. ఆషాఢంలో, మూఢాల్లో బజారు బోసిపోతుంది. రోజూ కొనే వస్తువు అమ్మేవాళ్లు ఈ ఖాళీ నెలల్ని దాటేస్తారు. ఏడాదికోసారి కొనే వస్తువు మీద ఆధారపడ్డ షాపు, ఖాళీ నెలల కిరాయిని కూడా ఆ రెండు సీజన్లలోనే సంపాదించుకోవాలి. పెట్టేటప్పుడు దసరా, బతుకమ్మ చూసుకుని పెడతారు, కిరాయి కట్టేటప్పుడు ఆషాఢం వస్తుంది.

ఇంతవరకు చదివి ప్రాక్టికల్ దందా అంటే వడ్డించిన విస్తరి అనుకుంటే అదీ తప్పే. ఎరువులు, పురుగుమందుల షాపు చూద్దాం. లైసెన్స్ కావాలి, దానికి వ్యవసాయం, కెమిస్ట్రీ లాంటి చదువు కావాలి. లేదంటే రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ రూపొందించిన 48 వారాల డీలర్ల డిప్లొమా లాంటి కోర్సు చేయాలి. అవి ఉన్నా అసలు పరీక్ష ఉద్దెర. రైతు విత్తనం వేసేటప్పుడు సరుకు పట్టుకెళ్తాడు, పంట అమ్మాక కడతాడు. పంట పోతే వచ్చే సీజన్‌కు అంటాడు. కట్టమని గట్టిగా అడిగితే పక్క షాపుకు పోతాడు, అడగకపోతే షాపు పోతుంది. మెడికల్ షాపుకు ఫార్మసిస్ట్ ఉండాలి. టిఫిన్ సెంటర్‌కు ఏ చదువూ అక్కర్లేదు కాబట్టే, ఒకటి నడుస్తుందని తెలిస్తే అదే రోడ్డులో ఆర్నెల్లకు నాలుగు వెలుస్తాయి. తెల్లవారుజామున నాలుగింటికి పిండి, చట్నీ పనులు మొదలుపెట్టాల్సిన దందా అది. ఆ పనంటే అసహ్యం ఉన్న మనిషి ప్రాక్టికల్ అని పేరు పెట్టుకుని అందులోకి దిగితే, ఈసారి ఇష్టం లేక మునుగుతాడు.

అందుకే ఒక దందా వదిలి ఇంకోదానికి మారి నిలబడ్డవాళ్లను గమనిస్తే, ఎక్కువ మంది దూరంగా దూకలేదని తెలుస్తుంది. పక్క మెట్టు మీదికి దిగారు. చీరల షాపుకు పైసలు చీరలో రాకపోయినా, ఫాల్, పికోలో వస్తాయి. జాకెట్ కుట్టులో, మగ్గం వర్క్‌లో ఇంకా ఎక్కువ వస్తాయి. చీర ఎక్కడ కొన్నా జాకెట్ ఊళ్లోనే కుట్టించుకోవాలి. రంగుకు రంగు కలపడం, బట్టను చూసి లైనింగ్ చెప్పడం బుటిక్ నడిపిన మనిషికి వచ్చిన విద్యే. ఫోటోగ్రఫీ మీద ప్రేమతో స్టూడియో పెట్టినవాళ్లు పాస్‌పోర్టు ఫోటోలు, ఆల్బమ్ డిజైన్, ఫ్లెక్సీ ప్రింటింగ్ వైపు జరిగారు. కథల పుస్తకాలు అమ్మిన చోట గ్రూప్స్, కానిస్టేబుల్, డీఎస్సీ గైడ్లు పెడితే గిరాకీ వచ్చింది. కథల పుస్తకాలకు ఒక అర మిగిలింది.

చిరుధాన్యాల హోటల్ కథ ఇంకా విచిత్రం. కొర్రల బిర్యానీ, సామల ఉప్మా, రాగి దోశ అని మెనూ వేసి, ఏసీ పెట్టి, ప్లేటుకు రెండింతల ధర పెడితే పాలమూరులో జనం ఒకసారి వచ్చి చూసి పోయారు. అదే మహబూబ్‌నగర్, నారాయణపేట వైపు సాయంత్రం రోడ్డు పక్కన పొయ్యి పెట్టి, చేత్తో తట్టి జొన్న రొట్టెలు కాల్చి అమ్మే ఆడవాళ్ల దగ్గర గిరాకీ తెగదు. జొన్నా చిరుధాన్యమే. జనానికి చిరుధాన్యాలు వద్దని కాదు, వాళ్లకు అలవాటైనది అలవాటైన ధరకు కావాలి. షుగరున్న పెద్దాయన ఇంటికి నాలుగు రొట్టెలు కట్టించుకుపోవడంలో ఆరోగ్యం గురించి ఏ ప్రచారమూ అక్కర్లేదు. హోటల్ మూసి రొట్టెల సెంటర్ పెట్టిన మనిషి ఇష్టాన్ని వదులుకున్నట్టా, కాదా? చిన్నతనంగా అనిపిస్తుంది, అంతే. ఇంగ్లిష్ పేరున్న బోర్డు దిగిపోయి పొయ్యి రోడ్డు మీదికి రావడమే అసలు బాధ. ఇజ్జత్ అనే ఖర్చు జమాఖర్చుల పుస్తకంలో ఉండదు గానీ, మూయడాన్ని ఏడాది వాయిదా వేయించే శక్తి దానికుంది.

మూయడం కూడా ఒక పనే. తాళం వేసి ఇంటికెళ్తే అయిపోదు. ముందు సరుకు. వంద రూపాయలకు కొన్న చీరను ఇవాళ 65కు అమ్మి అప్పు తీర్చారనుకుందాం. రెండు రూపాయల మిత్తి లెక్కన రెండేళ్లలో ఆ 65 మీద ఆగిపోయే మిత్తి 31 రూపాయలు. రెండూ కలిపితే 96. అంటే రెండేళ్లు కాపలా కాసి వందకే అమ్మినా అదనంగా వచ్చేది నాలుగు రూపాయలు. ఈలోపు మడిగె కిరాయి వేరే. నష్టానికి అమ్మడం కష్టంగా అనిపించినప్పుడు ఈ లెక్క కాగితం మీద వేసి చూసుకోవడం మంచిది.

తర్వాత ఉద్దెర. షాపు మూస్తున్నారని తెలిసిన రోజు నుంచి బాకీ ఉన్నవాళ్లు ఆ రోడ్డున పోవడం మానేస్తారు. అందుకని ముందు ఖాతా పుస్తకం తీసి బాకీలు వసూలు చేసుకుని, ఆ తర్వాతే మాట బయటపెట్టాలి. ఇందులో మోసమేమీ లేదు. మనం కట్టాల్సిన షావుకార్లకు, మాస్టర్ వీవర్లకు (నేతకారులతో నేయించి సరుకు ఇచ్చేవాళ్లకు) కూడా ఆ డబ్బే చేరాలి.

బ్యాంకు లోను ఉంటే ఇంకో జాగ్రత్త. ముద్ర లాంటి చిన్న వ్యాపార లోన్లకు ఇల్లు, పొలం తాకట్టు అడగరు కానీ, ఆ డబ్బుతో కొన్న సరుకు మీద బ్యాంకుకు హక్కు ఉంటుంది. చెప్పకుండా మొత్తం సరుకు అమ్మేస్తే తర్వాత చిక్కొస్తుంది. ప్రభుత్వ గ్యారంటీ ఉన్న లోను కాబట్టి కట్టకపోయినా ఫరవాలేదని ఊళ్లలో ఒక మాట తిరుగుతుంటుంది. ఆ గ్యారంటీ బ్యాంకు కోసం, తీసుకున్నవాళ్ల కోసం కాదు. బాకీ బాకీగానే ఉండి సిబిల్ స్కోరు దెబ్బతింటుంది, రేపు కొత్త దందాకు లోను పుట్టదు.

జీఎస్టీ నంబరు తీసుకున్నవాళ్లు చాలామంది దాన్ని అలాగే వదిలేస్తారు. అమ్మకం సున్నా అయినా రిటర్న్ వేయాల్సిందే, లేటయ్యే కొద్దీ రోజుకింత అని ఫీజు పడుతూనే ఉంటుంది. రిజిస్ట్రేషన్ రద్దుకు దరఖాస్తు పెట్టుకోవాలి. రద్దయ్యాక మూడు నెలల్లోపు జీఎస్టీఆర్-10 అనే చివరి రిటర్న్ వేయాలి. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్, కమర్షియల్ కరెంటు మీటర్, మడిగె అడ్వాన్స్ కూడా ఆ నెలలోనే తేల్చుకుంటే నయం. అడ్వాన్స్ తిరిగి రావాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలో కిరాయి కాగితంలో ఉంటుంది, ఆ కాగితం ఎక్కడుందో వెతకడానికే కొందరికి నెల పడుతుంది.

ఇక ఇష్టం సంగతి. దుకాణం పోతే అది పోవాలని ఏమీ లేదు, కాకపోతే షరతులు మారాలి. చేనేత మీద ప్రేమ ఉన్న మనిషి స్టాకు పెట్టకుండా, అడిగినవాళ్లకు వాట్సాప్‌లో ఫోటోలు పంపి, సగం అడ్వాన్స్ తీసుకున్నాకే పుట్టపాకలోనో కొయ్యలగూడెంలోనో ఆర్డర్ పెట్టవచ్చు. నెలకు నాలుగు చీరలే పోవచ్చు. కానీ ఆ నాలుగింటి మీద కిరాయి లేదు, మిత్తి లేదు, మడతల్లో చిట్లే భయం లేదు. నేసిన మనిషికి పూర్తి డబ్బు చేతికందుతుంది. ఇందులో వచ్చే ఆదాయంతో ఇల్లు నడపాలని మళ్లీ అనిపిస్తే మాత్రం కనీసం రెండు సీజన్లు, ఒక ఆషాఢం చూశాకే మడిగె వెతకాలి.

మూసే నెల కూడా ఆలోచించి ఎంచుకోవాల్సిందే. ఆషాఢంలో క్లియరెన్స్ సేల్ పెట్టడం అందరూ చేసేదే. అప్పుడు ప్రతి షాపూ తగ్గిస్తుంది కాబట్టి మన తగ్గింపు ఎవరి కంటా పడదు. పెళ్లి ముహూర్తాలకు ముందు, ధాన్యం డబ్బులు బ్యాంకుల్లో పడుతున్న వారాల్లో అదే సరుకు తక్కువ తగ్గింపుకే పోతుంది. అంటే డిసెంబర్ దాకా కిరాయి కట్టే ఓపిక ఉంటే ఆషాఢంలో నిర్ణయం తీసుకుని, దసరా, పెళ్లిళ్ల గిరాకీతో సరుకు ఖాళీ చేసి, మూఢం రాకముందే తాళం ఇచ్చేయవచ్చు. ఆ ఓపిక లేకపోతే, నెలకు 14 వేలు తినే షాపుకు సీజన్ కోసం ఆగిన ప్రతి నెలకూ ఎంత పడుతుందో పైన లెక్క ఉంది.